సీసా మీద పేరు... ఏ ఊళ్ళో రిజిస్టరు చేయించాలి?

పచ్చడి ఎలా పెట్టాలో, ఉప్పు తగ్గితే బూజు ఎందుకు పడుతుందో ఈ పేజీల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఈ వారం సీసా లోపలి సంగతి కాస్త పక్కన పెట్టి, సీసా పైన అంటించే కాగితం సంగతి చెప్పుకుందాం. ఎందుకంటే నాకు రాసే చెల్లెళ్ళలో చాలామంది ఇప్పుడు ఇంట్లో ఏదో ఒకటి చేసి అమ్ముతున్నారు. ఒకరు కారప్పొడులు, ఒకరు సున్నుండలు, ఒకరు నైటీలు, ఒకరు సున్నిపిండి. వ్యాపారం కొంచెం నిలదొక్కుకోగానే అందరికీ వచ్చే సందేహం ఒకటే.

"అక్కా, మా పేరు ఇంకొకళ్ళు పెట్టుకోకుండా ట్రేడ్‌మార్క్ చేయించుకోమంటున్నారు. మా జిల్లాలో చేయించాలా? హైదరాబాదు వెళ్ళాలా? బొంబాయిలో అయితే గట్టిగా ఉంటుందా? మా అమ్మాయి అమెరికాలో ఉంది, అక్కడే చేయిస్తే పోలా?"

నేను లా చదివినదాన్ని కాదు. ఇంటర్మీడియట్ అవగానే పెళ్ళయి అత్తారింటికి వచ్చినదాన్ని. కానీ ఈ విషయంలో డబ్బు పోగొట్టుకుని, ఏడాదిన్నర కాలం పోగొట్టుకుని నేర్చుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. మీరు ముందే పట్టుకుంటారని చెబుతున్నాను.

మా ఇంటి కథ

మాది తెనాలి. మా అత్తయ్యగారి చేతి గోంగూర పచ్చడి, పండుమిరపకాయ పచ్చడి, కరివేపాకు కారం మా బంధువుల్లో పేరు పడ్డవి. ఆవిడ పోయాక నేనూ, మా తోడికోడలూ కలిసి వాటిని అమ్మడం మొదలుపెట్టాం. తను పూనాలో ఉంటుంది. నేను ఇక్కడ చేయించి, సీసాల్లో నింపించి పంపిస్తాను. తను అక్కడి తెలుగువాళ్ళకు అమ్ముతుంది, ఆర్డర్లు చూస్తుంది. అత్తయ్యగారి పేరు కలిసి వచ్చేలా ఒక పేరు పెట్టుకున్నాం. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది వ్యాసం కాదు, ప్రకటన అవుతుంది!

2022లో పేరు రిజిస్టరు చేయించాలనుకున్నాం. అప్పుడు మా తోడికోడలికి ఎవరో ఒకాయన తగిలాడు. "ట్రేడ్‌మార్కులకు హెడ్డాఫీసు ముంబయి. అక్కడ చేయిస్తే పవర్ ఎక్కువ. పూనా అడ్రసుతో వేసేద్దాం" అన్నాడు. మేమిద్దరం నమ్మాం. ప్రభుత్వానికి కట్టేది తొమ్మిది వేలు, ఆయనకు ఆరు వేలు ఇచ్చాం. దరఖాస్తు నంబరు వచ్చింది. ఇక పని అయిపోయిందనుకుని నిశ్చింతగా గోంగూర వలుచుకుంటూ కూర్చున్నాం.

ఏడాది దాటాక మా ఆడపడుచు కొడుకు ఆ నంబరు కంప్యూటర్లో కొట్టి చూసి, "అత్తా, మీ దరఖాస్తు వదిలేసినట్టు చూపిస్తోంది" అన్నాడు. నా గుండె గుభేలుమంది. ఏమైందంటే, ఆఫీసువాళ్ళు పరిశీలించి ఒక అభ్యంతరం పంపారు. దానికి నెల రోజుల్లో జవాబివ్వాలి. ఆ అభ్యంతరం వెళ్ళింది మా దగ్గరకు కాదు, ఆయన మెయిల్‌కు. ఆయన చూడలేదో, చూసి ఊరుకున్నాడో దేవుడికెరుక. జవాబు వెళ్ళలేదు కనుక దరఖాస్తు రద్దయింది. కట్టిన డబ్బు తిరిగి రాదు. అంతకంటే పెద్ద నష్టం, వరసలో మా చోటు పోయింది.

అప్పుడు తెలిసింది నాకు, "ఎక్కడ" అనే ప్రశ్న మేము తప్పుగా వేసుకున్నామని. ఏ ఊరి ఆఫీసు గొప్పది అన్నది ప్రశ్న కాదు. మన వ్యాపారం ఎక్కడుంది? మన ఉత్తరం ఎక్కడికి వస్తుంది? మన సరుకు ఎక్కడ అమ్ముడవుతుంది? ఈ మూడే అడగాలి. ఒక్కొక్కటీ చూద్దాం.

ఆఫీసును మనం ఎంచుకోం

మన దేశంలో ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీకి ఐదు చోట్ల ఆఫీసులున్నాయి. ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై, అహ్మదాబాదు. ముంబయిది హెడ్డాఫీసు అన్న మాట నిజమే. కానీ మనకిష్టమైన చోట దరఖాస్తు వేసుకునే వీల్లేదు. మన ముఖ్య వ్యాపార స్థలం ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం ఏ ఆఫీసు కిందకు వస్తుందో అక్కడే వెయ్యాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ, పుదుచ్చేరి ఇవన్నీ చెన్నై ఆఫీసు కిందకు వస్తాయి. అది గిండీలో ఉంది. మహారాష్ట్రలో వ్యాపారం ఉన్నవాళ్ళు ముంబయి, ఒడిశాలో ఉన్నవాళ్ళు కోల్‌కతా. అంటే బరంపురంలో ఉన్న మన తెలుగు ఆడపడుచు కోల్‌కతా ఆఫీసుకు వెళ్తుంది, ఇచ్ఛాపురంలో ఉన్న ఆవిడ చెన్నై ఆఫీసుకు వెళ్తుందన్నమాట.

వెళ్ళడమంటే రైలెక్కి వెళ్ళనక్కర్లేదు. ఇప్పుడు ఇంటి నుంచే కంప్యూటర్లో వెయ్యొచ్చు. పైగా అలా వేస్తే ఫీజు తక్కువ కూడా. విచారణకు పిలిచినా వీడియోలోనే మాట్లాడవచ్చు.

ఇక్కడ అందరూ తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఏ ఆఫీసులో వేసినా హక్కు ఒక్కటే. చెన్నైలో రిజిస్టరైన పేరుకు కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా ఒకే బలం. "ముంబయి ట్రేడ్‌మార్క్", "చెన్నై ట్రేడ్‌మార్క్" అని రెండు రకాలు లేవు. తర్వాత మనం ఊరు మారినా ఆ ఫైలు మొదట వేసిన ఆఫీసులోనే ఉంటుంది.

మరి మాలా ఇద్దరు రెండు రాష్ట్రాల్లో ఉంటే? కలిసి దరఖాస్తు వేసినప్పుడు అందులో మొదట ఎవరి పేరు రాస్తారో వాళ్ళ ముఖ్య వ్యాపార స్థలాన్ని బట్టి ఆఫీసు నిర్ణయమవుతుంది. చట్టం రెండు ముక్కల్లో చెప్పేసింది కానీ, ఇద్దరు తోడికోడళ్ళ మధ్య ఎవరి పేరు ముందు రాయాలన్నది రెండు ముక్కల్లో తేలే విషయమా చెప్పండి! మొదటిసారి తన పేరు ముందు రాశారని నేను పైకి అనలేదు కానీ లోపల కొంచెం ముల్లు గుచ్చుకుంది. పొయ్యి ఇక్కడ, బానలు ఇక్కడ, పేరు మాత్రం అక్కడా అని. రెండోసారి వేసేటప్పుడు తనే ఫోను చేసి, "అక్కా, వంట మీ దగ్గర, లెక్కలు మీ దగ్గర. మీ పేరే ముందు రాయండి" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ ముల్లు తనకూ కనబడిందన్నమాట.

మీరు మాత్రం ఇంత దూరం తెచ్చుకోకండి. సరుకు తయారయ్యేది, బిల్లులు రాసేది, జమాఖర్చులు ఉండేది ఏ ఊళ్ళోనో ఆ ఊరివాళ్ళ పేరు ముందు రాయండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఉత్తరం ఎక్కడికి వస్తుంది?

దరఖాస్తులో "ఉత్తర ప్రత్యుత్తరాల చిరునామా" అని ఒక గడి ఉంటుంది. అందులో పోస్టల్ అడ్రసుతో పాటు మెయిల్ అడ్రసు కూడా ఇవ్వాలి. ఆఫీసువాళ్ళు ఏది చెప్పినా అక్కడికే పంపుతారు. మెయిల్ పంపగానే మనకు అందినట్టే లెక్క. మనం తెరిచి చూడలేదంటే వాళ్ళు వినరు.

అందుకని ఎవరిచేత వేయించినా సరే, మీ సొంత మెయిల్, మీ సొంత ఫోను నంబరు అందులో ఉండేట్టు చూసుకోండి. ఏజెంటు లేకుండా మనమే వేసుకోవచ్చు కూడా. పిల్లల మెయిల్ ఇవ్వాల్సి వస్తే, రోజూ చూసే పిల్లవాడిది ఇవ్వండి! దరఖాస్తు నంబరు వంటింటి క్యాలెండరు మీద రాసుకోండి. గ్యాస్ బుక్ చేసిన తేదీ, పాల లెక్క రాసుకునే చోటే అది కూడా. పదిహేను రోజులకొకసారి ఆ నంబరు రిజిస్ట్రీ వెబ్‌సైట్లో చూడండి. దానికి డబ్బులేమీ అడగరు.

అభ్యంతరం వస్తే భయపడకండి, చాలామందికి వస్తుంది. సాధారణంగా రెండు రకాలు. ఒకటి, పేరు సరుకును వర్ణించేదిగా ఉందని. "కమ్మని నెయ్యి", "గుంటూరు కారం" లాంటివి ఒక్కరి సొత్తు కావడానికి ఒప్పుకోరు. ఊరి పేరు, సరుకు పేరు అందరివీ కదా! ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది వేరే చట్టం. ఆ పేరు ఆ ప్రాంతంలో పద్ధతి ప్రకారం తయారు చేసేవాళ్ళందరిదీ. ఒక కొట్టుది కాదు. రెండో అభ్యంతరం, మన పేరును పోలిన పేరు ముందే ఎవరికో ఉందని. అందుకే లేబుళ్ళు అచ్చు వేయించకముందే ఆ వెబ్‌సైట్లో వెతికి చూసుకోవాలి. అక్షరాలు తేడాగా ఉండి పలుకు ఒకటిగా ఉన్నా ఇబ్బందే.

అభ్యంతరం తీరాక పేరును ట్రేడ్‌మార్కుల పత్రికలో వేస్తారు. అది వారం వారం వస్తుంది. ఎవరికైనా అడ్డు చెప్పాలని ఉంటే నాలుగు నెలల లోపు చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే సర్టిఫికెట్ వస్తుంది. దరఖాస్తు వేసిన తేదీ నుంచి పదేళ్ళు చెల్లుతుంది. పదేళ్ళకొకసారి మళ్ళీ కట్టుకుంటూ ఉంటే ఎన్నాళ్ళయినా ఉంటుంది.

ఈ రెన్యువల్ మాట తేలిగ్గా తీసుకోకండి. మన ఇళ్ళల్లో వాషింగ్ మెషిన్ల మీద కనిపించే వర్ల్‌పూల్ పేరు సంగతే చూడండి. ఆ కంపెనీకి మన దేశంలో ఉన్న రిజిస్ట్రేషన్ 1977లో రెన్యువల్ కట్టక పోయింది. 1986లో ఇక్కడివాళ్ళు అదే పేరును వాషింగ్ మెషిన్లకు అడిగారు. ఆ తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1996లో ఆ పేరు అసలు కంపెనీకే దక్కింది. ప్రపంచమంతా తెలిసిన పేరు కనుక వాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి నిలబడ్డారు. మన గోంగూర సీసాకు అంత ఓపిక ఎక్కడుంది?

ఎంత ఖర్చవుతుంది?

సరుకులను, సేవలను 45 తరగతులుగా విడగొట్టారు. ఒక పేరుకు ఒక్కో తరగతికి ఒక్కో ఫీజు. ఒక వ్యక్తి పేరున గానీ, చిన్న పరిశ్రమగా నమోదైన సంస్థ పేరున గానీ కంప్యూటర్లో వేస్తే తరగతికి 4,500 రూపాయలు, కాగితం మీద వేస్తే 5,000. పెద్ద సంస్థలకు దీనికి రెట్టింపు. రెన్యువల్‌కు మాత్రం చిన్నా పెద్దా తేడా లేకుండా కంప్యూటర్లో అయితే తరగతికి 9,000.

పచ్చళ్ళు, నెయ్యి 29వ తరగతి. మసాలాలు, కారప్పొడులు, మిఠాయిలు 30. దుస్తులు 25. సబ్బులు, అగరొత్తులు 3. కేటరింగ్, మెస్సు 43. బ్యూటీ పార్లరు 44. మాకు పచ్చడీ ఉంది, పొడులూ ఉన్నాయి కనుక రెండు తరగతులు, తొమ్మిది వేలు. ఎప్పుడో స్వీట్లు, ఎప్పుడో చీరలు కూడా అమ్ముతామేమో అని అన్ని తరగతుల్లోనూ వేసుకోకండి. ఇప్పుడు చేస్తున్నదానికి, రేపు తప్పక చేయబోయేదానికి చాలు.

ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉంది కదా, జీఎస్టీ ఉంది కదా, ఉద్యం సర్టిఫికెట్ ఉంది కదా, ఇంకా ఇదెందుకు అని అడుగుతారు కొందరు. అవి వ్యాపారం చెయ్యడానికి, లెక్కకు. వాటి మీద మీ పేరు అచ్చయినంత మాత్రాన ఆ పేరు మీ సొత్తు కాదు. రేషన్ కార్డులో ఇంటి నంబరు ఉన్నంత మాత్రాన ఇల్లు మనదవుతుందా? ఇదీ అంతే.

అసలు రిజిస్టరు చెయ్యకపోతే హక్కే లేదా అంటే, ఉంది. ముందు నుంచి వాడుతున్నవాళ్ళను చట్టం కాపాడుతుంది. కానీ ముందు నుంచి వాడుతున్నామని రుజువు చూపించాలి. అందుకని మొదటి బిల్లు పుస్తకం, మొదటి లేబుల్ అచ్చు వేసిన ప్రెస్సు రసీదు, కొరియరు చీటీలు పాత చీరల కింద పెట్టెలో దాచండి. మా దరఖాస్తు రద్దయినప్పుడు మమ్మల్ని ఆదుకున్నవి అవే. రెండోసారి వేసేటప్పుడు మొదటి నుంచి వాడుతున్న తేదీ చెప్పి, ప్రమాణపత్రంతో ఆ బిల్లులు జతచేశాం.

రిజిస్టరు చేయిస్తే ఇంకో లాభం ఉంది, ఇది కూడా "ఎక్కడ" అన్నదానికి సంబంధించిందే. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎవరో మన పేరు కాపీ కొట్టారనుకోండి. రిజిస్టరైన పేరు గలవాళ్ళు వాళ్ళ ఊరు వెతుక్కుంటూ వెళ్ళనక్కర్లేదు. మనం ఉండే చోట, వ్యాపారం చేసే చోట ఉన్న జిల్లా కోర్టులోనే దావా వెయ్యొచ్చు. ఇల్లూ పిల్లలూ ఉన్న ఆడవాళ్ళకు ఇదెంత పెద్ద సాయమో వేరే చెప్పాలా?

సముద్రం దాటితే?

మా రెండో దరఖాస్తు 2024 నవంబరులో తెనాలి అడ్రసుతో, నా మెయిల్‌తో వేశాం. ఆ నెలలోనే ఇంకో చిక్కు వచ్చింది. అమెరికాలో డల్లాస్ దగ్గర మన సరుకుల కొట్టు పెట్టుకున్న ఒకాయన కొంతకాలంగా మా పచ్చళ్ళు తెప్పించుకుంటున్నాడు. ఫోను చేసి చాలా ఆప్యాయంగా, "అమ్మా, మీ పేరు ఇక్కడ ఎవరైనా కొట్టేస్తారు. మీకెందుకు శ్రమ? నా పేరు మీద నేను రిజిస్టరు చేయించేస్తాను. ఖర్చు కూడా నాదే" అన్నాడు.

మొదట సంతోషించాం. మంచి మనిషి అనుకున్నాం. ఆయన చెడ్డవాడని ఇప్పుడు కూడా నేను అనను. కానీ రాత్రి పడుకున్నాక నిద్ర పట్టలేదు. పేరు ఆయనదయితే, రేపు ఆయన ఇంకెవరి దగ్గరో చవగ్గా చేయించి అదే పేరుతో అమ్మితే? మేము ఇంకో కొట్టుకు పంపాలంటే ఆయన్నే అడగాలా? అత్తయ్యగారి పేరును ఊరికే ఇచ్చేసినట్టు కాదూ?

ఇక్కడే అసలు సంగతి తెలుసుకున్నాను. ఇండియాలో రిజిస్టరు చేస్తే ఇండియాలోనే హక్కు. ఏ దేశానికి ఆ దేశం. ఎంత గొప్ప పేరయినా అంతే. టయోటా కంపెనీ ప్రియస్ అనే కారును 1997లో జపానులో అమ్మడం మొదలుపెట్టింది. మన దేశంలో కార్ల విడి అలంకరణ సామాను చేసే ఒక సంస్థ ఆ పేరును 2002లో ఇక్కడ రిజిస్టరు చేయించుకుంది. తర్వాత టయోటా కోర్టుకెక్కింది. ఆ సంస్థ పేరు వాడటం మొదలుపెట్టిన నాటికి ప్రియస్ పేరు ఇక్కడి జనానికి తెలిసినట్టు రుజువు లేదని 2017లో సుప్రీంకోర్టు టయోటా మాట ఒప్పుకోలేదు. అంతటివాళ్ళకే "అక్కడ పేరుంది కనుక ఇక్కడా ఉంది" అన్న వాదన నిలవలేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, ఈ వ్యవహారంలో పేరు ఎంత గొప్పదయినా ఊరు చూసుకోవాలి.

మరి అన్ని దేశాల్లోనూ చేయించాలా? వద్దు. మూడు మార్గాలున్నాయి, వినండి.

మొదటిది, ఆ దేశంలో నేరుగా వెయ్యడం. అమెరికాలో 2025 జనవరి నుంచి తరగతికి 350 డాలర్లు. బయటి దేశంలో ఉండేవాళ్ళు అక్కడి లాయరు ద్వారానే వెయ్యాలి, ఆయన ఫీజు వేరు. అక్కడ సరుకు నిజంగా అమ్ముతున్నట్టు చూపించాలి. ఐదో ఏడు దాటి ఆరో ఏడు నిండే లోపల, ఇంకా వాడుతున్నామని మళ్ళీ చెప్పాలి. ఐరోపా యూనియన్‌లో అయితే ఒక్క దరఖాస్తు 27 దేశాలకూ సరిపోతుంది. మొదటి తరగతికి 850 యూరోలు. బ్రిటన్ మాత్రం 2021 నుంచి అందులో లేదు, లండన్‌లో అమ్మేవాళ్ళు వేరే వేసుకోవాలి.

రెండోది, మాడ్రిడ్ పద్ధతి. మన దేశం 2013 జూలైలో అందులో చేరింది. ఇక్కడి దరఖాస్తును ఆధారం చేసుకుని, మన రిజిస్ట్రీ ద్వారానే ఒక్క దరఖాస్తుతో కావలసిన దేశాలన్నీ అడగొచ్చు. అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా, సింగపూరు అందులో ఉన్నాయి. దుబాయి ఉన్న ఎమిరేట్స్ కూడా 2021 చివర్లో చేరింది. మూల రుసుము 653 స్విస్ ఫ్రాంకులు, రంగులున్న గుర్తయితే 903. దానిపై దేశానికింత అని ఉంటుంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఏ దేశానికి ఆ దేశమే చూసుకుంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. మొదటి ఐదేళ్ళలో ఇక్కడి దరఖాస్తు కూలితే, దాని మీద నిలబడ్డవన్నీ కూలతాయి. పునాది గట్టిపడకుండా మేడ కట్టినట్టు. మా మొదటి దరఖాస్తు మీద అలా కట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించుకోండి.

మూడోది, కొన్నాళ్ళు ఆగడం. నవ్వకండి, ఇదీ మార్గమే. ఇక్కడ దరఖాస్తు వేసిన తేదీ నుంచి ఆరు నెలల లోపు బయటి దేశంలో వేస్తే, అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం చాలా దేశాల్లో ఇక్కడి తేదీనే అక్కడ కూడా లెక్కలోకి తీసుకుంటారు. అంటే ఆలోచించుకోవడానికి ఆరు నెలలు వ్యవధి దొరికినట్టు. ఆ ఆరు నెలల్లో ఏ దేశం నుంచి నిజంగా ఆర్డర్లు వస్తున్నాయో చూసుకోండి. చుట్టాలున్న ప్రతి దేశంలోనూ పేరు రాయించుకుంటే లాభం లేదు. మన దేశంలో కూడా వరుసగా ఐదేళ్ళకు పైగా వాడని పేరును ఎవరైనా తీసేయించవచ్చు. దీపం పెట్టని ఇంట్లో ఎలుకలు చేరతాయి కదా!

మేమూ అలాగే లెక్క చూసుకున్నాం. దుబాయిలో మా మేనమామ కొడుకు ఉన్నాడు, ఏడాదికి నాలుగు సీసాలు. అది వ్యాపారం కాదు, అభిమానం. పేరు అక్కర్లేదు. అమెరికాకు వెళ్ళేది మా అమ్మకంలో మూడో వంతు. అక్కడ తప్పదు. పెద్ద పిండిమర కొందామని దాచిన డబ్బు ఉంది. మా తోడికోడలూ నేనూ ఫోనులో గంటసేపు మాట్లాడుకున్నాం. చివరికి తను, "అక్కా, పిండిమర వచ్చే ఏడు కొనుక్కోవచ్చు. అత్తయ్య పేరు ఒకసారి పోతే మళ్ళీ కొనుక్కోలేం" అంది. 2025 ఏప్రిల్‌లో, ఆరు నెలలు నిండకముందే, రెండు తరగతులకు 700 డాలర్లు కట్టి, అక్కడి లాయరు ద్వారా మా పేరున వేశాం.

డల్లాస్ ఆయనకు మర్యాదగా చెప్పాం. "మీ మంచితనానికి కృతజ్ఞతలు. సరుకు మీరు అమ్మండి, పేరు మాత్రం మా దగ్గరే ఉంటుంది" అని. ఆ ముక్కే కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు చేసుకుందామన్నాం. ఆయనకు కోపం వచ్చింది. మూడు నెలలు ఆర్డరు లేదు. ఆ మూడు నెలలూ నేను పడ్డ బాధ పగవాళ్ళకు కూడా వద్దు. చేయించిన సరుకు అలమరలో, జీతాలివ్వాల్సిన ఇద్దరమ్మాయిలు ఎదురుగా. తప్పు చేశామా అని ఎన్నిసార్లు అనుకున్నానో! నాలుగో నెలలో ఆయనే ఫోను చేశాడు. జనం ఆ పచ్చడే అడుగుతున్నారట. సంతకం పెట్టి పంపాడు.

మొన్న కార్తీకమాసంలో ఇక్కడి సర్టిఫికెట్ వచ్చింది. అమెరికాది ఇంకా తేలలేదు, చూస్తున్నాం. సర్టిఫికెట్ వచ్చాకే లేబుల్ మీద గుండ్రం మధ్యలో ఆర్ అక్షరం వేయించాం. మీరు కూడా అంతే చెయ్యండి. దరఖాస్తు దశలో టీఎం అని రెండక్షరాలు వేసుకోవచ్చు గానీ, రిజిస్టరు కాకుండా ఆ ఆర్ వేస్తే తప్పు, జరిమానా పడుతుంది.

గుర్తు పెట్టుకోండి

లేబుల్ అచ్చుకు ఇచ్చే ముందు పేరు వెతికి చూడండి. వ్యాపారం ఎక్కడ నడుస్తోందో ఆ అడ్రసుతో వెయ్యండి. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై ఆఫీసే, దాని బలం దేశమంతా. మెయిల్, ఫోను మీవే ఇవ్వండి. మొదటి బిల్లు దాచండి. వేసిన తేదీ నుంచి ఆరు నెలలు లెక్కపెట్టుకుని, సరుకు నిజంగా అమ్ముడుపోయే దేశం ఉంటే అక్కడ వెయ్యండి, లేకపోతే ఊరుకోండి. ఎవరెంత ప్రేమగా అడిగినా పేరు మాత్రం మీ పేరునే ఉంచుకోండి. లావాదేవీ పెద్దదయితే, బయటి దేశం సంగతయితే ఒకసారి తెలిసిన లాయరును అడగండి. ఆ ఫీజు దండగ కాదు.

సర్టిఫికెట్ వచ్చిన రోజున దాన్ని అత్తయ్యగారి ఫొటో ముందు పెట్టాను. ఆవిడకు చదువు రాదు. సంతకం కూడా వేలిముద్రే. కాని ఆవిడ పేరు ఇప్పుడు దేశమంతా ఇంకొకళ్ళు పెట్టుకోకూడని పేరు. మా తోడికోడలు ఆ ఫొటోను ఫోనులో చూసి, "అక్కా, అత్తయ్య ఉంటే ఏమనేవారో!" అంది. నాకు తెలుసు. "ఆ కాగితం సంగతి సరే, ఆ గోంగూరలో ఉప్పు చూశారా?" అని ఉండేవారు.

వచ్చే వారం అమ్మకానికి పెట్టే పచ్చళ్ళ సీసాలు, మూతలు, అవి కారకుండా పార్సిలు కట్టడం గురించి చెప్పుకుందాం. మీ ఇంటి వ్యాపారంలో పేరు విషయంలో మీకేమైనా అనుభవాలుంటే రాయండి. ఒకరి అనుభవం పదిమందికి ఆసరా.